నారు ట్రేల మీద పాచి: తడి గంటల లెక్క

మిరప గింజ మొలకెత్తడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది. ట్రేలో పైపొర పచ్చబడటానికీ ఇంచుమించు అన్ని రోజులే చాలు. అందుకే చాలా షేడ్‌నెట్లలో ఈ రెండూ ఒకేసారి కనబడతాయి. ఒక గుంతలో మొలక, పక్క గుంతలో పాచి. మొలక కోసం రోజూ వంగి చూసే రైతుకి ముందుగా కంటపడేది పాచే. వెంటనే రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది తెగులా? దీనికి మందేమిటి?

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. తెగులు కాదు. పాచి వేరులోకి దిగదు, కాండంలోకి ఎక్కదు, ఆకుని తినదు. దానికి కావాల్సినవి వెలుతురు, తడి, కాస్త నత్రజని, కాస్త భాస్వరం. ఈ నాలుగూ నారుకీ కావాలి కాబట్టి, నారు కోసం మనం అమర్చిన ప్రతి సౌకర్యాన్నీ పాచి కూడా వాడుకుంటుంది. రెండో ప్రశ్నకి జవాబు మందుల దుకాణంలో లేదు. ట్రే పైపొర రోజుకి ఎన్ని గంటలు తడిగా ఉంటోందో చూసుకుంటే తెలుస్తుంది. ఈ కథనంలో అంకెలు చాలా వస్తాయి, కానీ రైతు రోజూ గుర్తుపెట్టుకోవాల్సింది ఆ గంటల అంకె ఒక్కటే.

ఎకరం తోట, 18 చదరపు మీటర్ల నారు

మిరపని 60 సెంటీమీటర్ల ఎడంతో సాళ్లు తీసి, సాలులోనూ 60 సెంటీమీటర్లకొక మొక్క నాటితే ఎకరాకు 11,241 మొక్కలు పడతాయి. చచ్చేవాటికీ, బక్కచిక్కినవాటికీ దాదాపు పది శాతం అదనం వేసుకుంటే 98 గుంతల ప్రోట్రేలు 126 కావాలి. మొత్తం 12,348 గుంతలు. ఒక్కో ట్రే సుమారు 54 సెం.మీ. పొడవు, 27 సెం.మీ. వెడల్పు ఉంటుంది. 126 ట్రేలనీ ఆనించి పరిస్తే పట్టే చోటు 18 చదరపు మీటర్ల పైచిలుకు మాత్రమే. గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు ఎకరం మిరప పెట్టే రైతు తోటంతా 35–40 రోజుల పాటు ఒక పడకగది పాటి నేల మీద ఉంటుందన్నమాట. ఆ కాస్త చోటులో జరిగిన పొరపాటు పొలానికి వెళ్లేసరికి 220 రెట్ల విస్తీర్ణంలో పరుచుకుంటుంది. నారు దగ్గర నీళ్ల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే ఇందుకే.

ఇప్పుడు నీళ్ల లెక్క. ఒక ట్రే వైశాల్యం మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే 146 మిల్లీలీటర్లు. మబ్బు పట్టిన శ్రావణమాసంలో షేడ్‌నెట్ కింద రోజుకి 3 మిల్లీమీటర్లు ఆవిరైందనుకుందాం. ట్రే పోగొట్టుకున్నది 440 మిల్లీలీటర్ల లోపే. అదే రోజున పొద్దున, సాయంత్రం రోజ్‌క్యాన్‌తో ముప్పావు లీటరు చొప్పున పోస్తే ట్రేకి చేరింది లీటరున్నర. పోయినదానికి మూడు రెట్ల పైన పోశాం. ఎక్కువైంది అడుగు రంధ్రాల్లోంచి కారిపోయింది కదా, నష్టమేముంది అనిపిస్తుంది. నిజమే, కారిపోతుంది. కానీ కారిపోయాక మిగిలిన తడి ఎక్కడ ఉండిపోతుందన్నది అసలు విషయం.

98 గుంతల ట్రేలో గుంత లోతు సుమారు 4 సెంటీమీటర్లు. ఏ కుండీలోనైనా నీరు కారడం ఆగిన తర్వాత అడుగున పూర్తిగా నానిన ఒక పొర మిగులుతుంది. ఇది మట్టి స్వభావం, మనం మార్చలేం. 20 సెంటీమీటర్ల కుండీలో ఆ నానిన పొర పైభాగానికి చాలా దూరంలో ఉంటుంది. 4 సెంటీమీటర్ల గుంతలో అది పైపొరకి కూతవేటు దూరంలోనే ఉంటుంది. తన బరువుకి ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచే కొబ్బరి పొట్టుకి ఆ కొద్దిపాటి ఎత్తు ఓ లెక్క కాదు, అడుగు తడిని పైకి లాగుతూనే ఉంటుంది. పెద్ద కుండీల్లో కనబడని పాచి ట్రేల్లో రోజుల్లోనే రావడానికి కారణం ఇదే. ట్రేని నేల మీదో, పాలిథిన్ షీటు మీదో నేరుగా పెడితే అడుగు రంధ్రాలు మూసుకుని ఆ నానిన పొర ఇంకా మందమవుతుంది. ట్రేలని ఇటుకల మీదో, తీగల బల్ల మీదో లేపి పెట్టమని చెప్పేది వేర్లకి గాలి తగలడం కోసమే కాదు, పైపొర ఆరడం కోసం కూడా.

24 గంటలా, 6 గంటలా

పొద్దున 7 గంటలకి ఒకసారి, సాయంత్రం 5 గంటలకి ఒకసారి. మన నర్సరీల్లో నీళ్లు పెట్టే వేళలు చాలావరకు ఇవే. మొక్క అవసరాన్ని బట్టి కుదిరినవి కావివి, కూలీలు వచ్చే వేళ, వెళ్లే వేళ. సాయంత్రం 5 గంటలకి తడిసిన పైపొర రాత్రంతా ఆరదు. ఎండ లేదు, గాలి తక్కువ, తేమ ఎక్కువ. మర్నాడు ఎండ పుంజుకునేలోపే పొద్దుటి తడి మళ్లీ పడుతుంది. అంటే ట్రే పైపొర 24 గంటలూ తడిగానే ఉంది.

ఇంకో ట్రేకి పొద్దున 8 గంటలకి ఒక్కసారే పోశామనుకుందాం. మధ్యాహ్నం 2 గంటలకి పైన ముదురు రంగు పోయి లేత గోధుమ రంగు తిరిగింది. తడి గంటలు 6. రాత్రంతా పైపొర ఆరే ఉంది, లోపల వేరు దగ్గర తడి మాత్రం అలాగే ఉంది. 30 రోజులకి లెక్క కడితే మొదటి ట్రేకి 720 తడి గంటలు, రెండోదానికి 180. పాచి కణానికి నీరు పట్టుకోవడానికి ఆకు లేదు, వేరు లేదు. చుట్టూ నీటి పొర ఉంటేనే అది పెరుగుతుంది, ఆరితే ఆగిపోతుంది. నారు మొక్కకి ఆ ఇబ్బంది లేదు. దాని వేరు రెండు మూడు సెంటీమీటర్ల కింద తాగుతూనే ఉంటుంది. మొక్కకి తెలియకుండా పాచిని ఎండబెట్టే వీలున్న చోటు ఆ పై అర సెంటీమీటరే.

వెలుతురు తగ్గిస్తే పోదా అని అడుగుతారు. పోదు. నడివేసవి ఎండ సుమారు లక్ష లక్సుల వెలుతురు. 50 శాతం షేడ్‌నెట్ కింద 50 వేలు, 75 శాతం నెట్ కింద 25 వేలు. పాచికి కొన్ని వేల లక్సులు దొరికితే సరిపోతుంది. దాన్ని మాడ్చేంత చీకటి చేస్తే ముందు నారే సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంది. నీడతో పాచిని గెలవాలనుకోవడం నారుని ఓడించడమే.

వేగం సంగతి కూడా చూడాలి. అనుకూలమైన వేడి, తడి ఉంటే ఏకకణ పాచిలో చాలా రకాలు రోజుకి ఒకసారైనా రెట్టింపవుతాయి. ఒక కణం పది రోజుల్లో 1,024 అవుతుంది. మొదట వెయ్యి కణాలుంటే పది లక్షలు. ఆ వెయ్యి ఎక్కడివంటారా? చెరువు నీటిలో, పోయిన పంట ట్రేల అంచుల్లో, గాలిలోని దుమ్ములో, వెలుతురు చొరబడే తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు గోడలకి ఉన్నాయి. ఏడో రోజు ఏమీ లేనట్టుండి తొమ్మిదో రోజు ట్రే అంతా పచ్చగా కనబడటం ఈ రెట్టింపుల లెక్కే. రాత్రికి రాత్రే వచ్చిందేమీ కాదు.

అన్ని పచ్చలూ పాచి కాదు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ట్రే మీద పచ్చగా కనబడేవి కనీసం మూడు రకాలు. తడి వేలితో రుద్దితే జారుడుగా, జిగటగా ఉండి, వెలుతురు పడే చోటే ఉంటే అది పాచి. ముఖమల్ గుడ్డలా మెత్తగా, చిన్న చిన్న ఆకుల్లాంటి నిర్మాణంతో ఉంటే అది నాచు. ఇది నెమ్మదిగా వస్తుంది కాబట్టి 40 రోజుల నారులో కన్నా నెలల తరబడి ఉండే కుండీల్లో, కడియం నర్సరీల్లోని పాత సంచుల్లో ఎక్కువ.

మూడోది పొడిగా, బూజులా, అంచుల్లో తెల్లగా మధ్యలో ముదురుపచ్చగా ఉంటుంది. రుద్దితే పొడి రాలుతుంది. వెలుతురు పడని గుంత పక్కల్లో కూడా కనబడుతుంది. అది ట్రైకోడెర్మా కావచ్చు. నారుకుళ్లు రాకుండా మనమే కొని కొబ్బరి పొట్టులో కలిపిన మేలు చేసే శిలీంధ్రం రంగు కూడా పచ్చే. దాన్ని చూసి భయపడి మందు పోస్తే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది, రక్షణ ఒక్కసారీ దక్కదు. అందుకే మందు సీసా మూత తీసేముందు వేలితో రుద్ది చూడండి.

అసలు నష్టం ఎక్కడ

పలచని పచ్చ ఛాయ వల్ల నారు చావదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే పాచి కన్నా పాచి భయంతో పోసిన మందుల వల్ల మాడిన నారే బాధ కలిగిస్తుంది. పాచి ముదిరి తోలులా పట్టినప్పుడు మాత్రం మూడు నష్టాలున్నాయి.

ఆ తోలు ఎండితే గట్టిపడి నీటిని లోపలికి పోనివ్వదు. పైన పోసిన నీరు గుంత అంచు నుంచి జారిపోతుంది, వేరు దగ్గర పొడిగానే ఉంటుంది. రైతు ఇంకా నీళ్లు పోస్తాడు, పాచి ఇంకా పెరుగుతుంది. ఇక రెండోది నారుకుళ్లు. నారుకుళ్లు తెచ్చే పిథియం అనే శిలీంధ్రంలాంటి జీవికి కావాల్సింది కూడా ఈ ఎడతెగని తడే. పాచి పిథియాన్ని పుట్టించదు గానీ, అది పుట్టడానికి కావాల్సిన పరిస్థితి ఇక్కడ ఉందని ముందే చెబుతుంది. మొలక నేల ఒరిసే చోట నొక్కుకుపోయి పడిపోతుంటే అప్పుడిక పాచి గురించి కాదు, నారుకుళ్లు గురించి వెంటనే కదలాలి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపడం అందుకు చెప్పే సాధారణ సిఫారసు.

మూడో నష్టం రెక్కలతో వస్తుంది. ట్రేని తట్టగానే 2–3 మిల్లీమీటర్ల నల్లటి దోమల్లాంటివి లేస్తాయి. వీటిని ఫంగస్ నాట్స్ అంటారు. ఇవి తడి ఆరని చోట గుడ్లు పెడతాయి, పిల్లపురుగులు బూజు, పాచి, కుళ్లిన పొట్టు తింటూ లేత వేర్లని కూడా కొరుకుతాయి. ఆ గాయాల్లోంచి పిథియం లోపలికి పోతుంది. 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర వీటి గుడ్డు దశ 3 రోజులు, పురుగు దశ 10 రోజులు, కోశస్థ దశ 4 రోజులు, మొత్తం 17. టమాటా నారు 25 రోజుల్లో పొలానికి వెళ్లిపోతుంది, ఒక తరం పూర్తయినా రెండోది పూర్తయ్యేలోపే. 40 రోజులుండే మిరప ట్రేలో రెండు తరాలు పూర్తవుతాయి. ఒక్కో ఆడదోమ వంద పైన గుడ్లు పెట్టగలదు. మదనపల్లె టమాటా నారులో పెద్దగా పట్టించుకోని పాచిని మిరప నారులో ఎందుకు పట్టించుకోవాలో ఈ 15 రోజుల తేడా చెబుతుంది. పురుగు ఉందో లేదో తెలియకపోతే బంగాళదుంప ముక్క ఒకటి కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా ట్రే మీద పెట్టి రెండు రోజుల తర్వాత తిప్పి చూడండి. నల్లటి తలతో తెల్లటి సన్న పురుగులు కనబడితే ఉన్నట్టే.

చీకట్లో ఐదు రోజులు

పాచిని వచ్చాక తీయడం కన్నా రాకుండా చూడటం ఎన్నో రెట్లు తేలిక. అందుకు మంచి అవకాశం మొదటి వారంలోనే ఉంది. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే నారు పద్ధతిలో ఒక అంచె ఉంది. గింజ వేసి తడిపిన ట్రేలని పదేసి చొప్పున ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథిన్ షీటు కప్పి, మొలక కనబడేదాకా 3 నుంచి 6 రోజులు ఉంచాలి. వేడి, తడి నిలిచి మొలక బాగా వస్తుందని దీన్ని పాటిస్తారు. నా దృష్టిలో దీని రెండో మేలు అంతకన్నా గొప్పది. పేర్చిన ట్రేల మధ్య వెలుతురు ఉండదు. ఎనిమిది రోజుల్లో ఐదు రోజులు చీకట్లో గడిస్తే పాచికి మిగిలేవి మూడు రోజులు. ఎనిమిది రెట్టింపుల్లో ఒక కణం 256 అవుతుంది, మూడు రెట్టింపుల్లో 8. పైసా ఖర్చు లేకుండా 32 రెట్ల తేడా.

పైన ఉన్న ట్రే మీద ఒక ఖాళీ ట్రేనో, నల్ల షీటో కప్పాలి, లేకపోతే వెలుతురు దానికొక్కదానికి పడుతుంది. నాలుగో రోజు నుంచి రోజుకి రెండుసార్లు విప్పి చూడాలి. మొలక తల కనబడిన పూటే ట్రేలని విడదీసి పరచాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలక తెల్లగా సాగిపోతుంది, ఆ నారు మళ్లీ కోలుకోదు. పెట్యూనియా వంటి పూల గింజలకి ఈ పద్ధతి పనికిరాదు. గ్రాముకి దాదాపు పది వేలుండే ఆ సన్న గింజలు పైపొర మీదే, వెలుతురులోనే మొలవాలి. కడియం వైపు చలికాలపు పూల నారు పెంచేవారికి పాచి బెడద ఎక్కువగా ఉండటానికి అదొక కారణం.

రెండో పని, గింజ వేశాక పైన 3 మిల్లీమీటర్ల వర్మిక్యులైట్‌తోనో, కడిగిన ముతక ఇసుకతోనో కప్పడం. ముతక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి కింది తడి వాటి గుండా పైకి ఎక్కదు, పోసిన నీరు మాత్రం కిందికి జారుతుంది. పైపొర గంటల్లో ఆరుతుంది. ట్రేకి పావు లీటరు చాలు. 126 ట్రేలకి 32 లీటర్లు. ఇసుకైతే దాదాపు 50 కిలోలు, అంటే ట్రేకి 400 గ్రాముల బరువు అదనం. ట్రేలు మోసేవాళ్లకి ఆ బరువు తెలుస్తుంది, అందుకే పెద్ద నర్సరీలకి వర్మిక్యులైట్, ఇంటి మిద్దె మీదికి ఇసుక అంటాను. ఒండ్రు కలిసిన సన్న ఇసుక వాడొద్దు, అది తడిని పట్టి ఉంచి పాచికే చాపవుతుంది.

మూడోది ఎరువు. గింజలో ఉన్న ఆహారమే మొదటి అసలు ఆకులు వచ్చేదాకా సరిపోతుంది. అంతకు ముందు పోసిన ఎరువు తినేది పాచే. అదే సంస్థ పద్ధతిలో లీటరుకి 3 గ్రాముల 19:19:19ని విత్తిన 12వ రోజు, 20వ రోజు, రెండేసార్లు పొయ్యమంటారు. ఈ ద్రావణంలో భాస్వరం ఎంతుందో లెక్క కడదాం. 3 గ్రాముల్లో 19 శాతం అంటే 570 మిల్లీగ్రాముల భాస్వర ఆక్సైడు, అందులో అసలు భాస్వరం 249 మిల్లీగ్రాములు. చెరువు నీటిలో లీటరుకి 0.035 మిల్లీగ్రాములు దాటితేనే ఆ చెరువుని పచ్చబడే కోవలో చేరుస్తారు. మనం ట్రే మీద పోసేది దానికి ఏడు వేల రెట్లు. నారుకి ఆ ఎరువు అవసరమే, మానమని కాదు. రెండుసార్లు చాలన్నప్పుడు రోజు విడిచి రోజు పోయడం, వర్మీకంపోస్టు పొట్టులో సగానికి సగం కలపడం పాచికి విందు పెట్టడమే. పోసిన వెంటనే కొద్దిగా మంచినీళ్లు చల్లితే ఆకుల మీద, పైపొర మీద మిగిలిన ఎరువు వేర్ల దగ్గరికి దిగుతుంది.

మందులు, పొడులు, నమ్మకాలు

వరి పొలంలో పాచి పట్టినప్పుడు మైలుతుత్తం వాడటం మన రైతులకి పాత అలవాటే. ఆ అలవాటుతో నారు ట్రేలో చిటికెడు వేసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. పొలంలో మైలుతుత్తంలోని రాగి ఎకరం నీటిలో పలచబడుతుంది. ఇక్కడ 20–25 మిల్లీలీటర్ల గుంతలో, ఇంకా తెల్లగా ఉన్న వేరు పక్కనే నిలుస్తుంది. రాగి ఎక్కడికీ పోదు, కుళ్లదు, పోసిన ప్రతిసారీ పోగుపడుతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ కూడా నారుకుళ్లు కనబడితేనే, అదీ ట్రైకోడెర్మా వేసిన ట్రేలకి కాకుండా వాడాలి. రెండూ ఒకే ట్రేలో వేస్తే మొదటిది రెండోదాన్ని చంపుతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వచ్చి పచ్చదనం తెల్లబడుతుంది. చూడటానికి తృప్తిగా ఉంటుంది. తడి గంటలు మారకపోతే రోజుల్లోనే పాచి మళ్లీ వస్తుంది. దాల్చినచెక్క పొడి కొన్ని శిలీంధ్రాలని అడ్డుకోగలదు గానీ పైపొర తడిని ఆరబెట్టలేదు. కట్టెల బూడిద సంగతి ఇంకా ఘోరం. అది క్షారం. 5.5–6.5 పీహెచ్ దగ్గర హాయిగా ఉన్న నారుని ఆ స్థాయి దాటిస్తుంది, తడిస్తే పైన గట్టి పొర కడుతుంది.

చేత్తో గీకి తీయడం? మిద్దె మీద రెండు ట్రేలుంటే మంచి పనే. పుల్లతో 2–3 మిల్లీమీటర్ల పైపొర తీసి, పొడి ఇసుక వేస్తే చాలు. ఎకరం నారుకి మాత్రం 12,348 గుంతలు, గుంతకి 3 సెకన్లు అనుకున్నా పది గంటల పైన. ఆ పది గంటల కూలీకన్నా సాయంత్రం తడి మానేయడం చౌక.

బ్లీచింగ్ పౌడరుకి మాత్రం అసలైన చోటు ఒకటుంది, ఖాళీ ట్రేలు. పాత ట్రేలని ముందు బ్రష్షుతో మట్టి పోయేలా కడగాలి, మట్టి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. తర్వాత లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన తేటలో 15–20 నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరైతే ఇది అర శాతం ద్రావణం అవుతుంది. తెరిచిపెట్టిన పాత డబ్బాలో క్లోరిన్ ఏనాడో ఎగిరిపోయి ఉంటుంది, దానితో కడిగినా కడగనట్టే. నీటి ట్యాంకు తెల్లదైతే నల్ల రంగు వేయండి, లేదా గోనె పట్టా చుట్టండి. చీకటి ట్యాంకులో పాచి పెరగదు.

వరికి మేలు చేసేది ఇదే కదా

ఈ ప్రశ్న చదువుకున్న రైతులే ఎక్కువగా అడుగుతారు, అడగదగ్గదే. వరి మడిలోని నీలి ఆకుపచ్చ పాచి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని 1939లో పి.కె. డే నిరూపించారు. ఆ తర్వాత ఆర్.ఎన్. సింగ్ వంటివారి కృషితో అది జీవన ఎరువుగా రైతులకి అందింది. హెక్టారుకి ఒక పంటకాలంలో 20–30 కిలోల నత్రజని ఇస్తుందని చెబుతారు. 25 కిలోలనుకుంటే చదరపు మీటరుకి రెండున్నర గ్రాములు. మన ట్రే వైశాల్యానికి పంటకాలమంతా కలిపి 0.36 గ్రాములు, 40 రోజులకైతే 0.12 గ్రాములు. ఒక్క లీటరు 19:19:19 ద్రావణంలో ఉన్నది 0.57 గ్రాములు. పైగా ట్రేల మీద పట్టే పాచిలో చాలా భాగం నత్రజనిని ఇచ్చే రకం కాదు, పోసిన నత్రజనిని తినే రకం. మడిలో ఉన్న మేలుని ట్రేలో ఆశించడం లెక్కకి నిలవదు.

వరికి యంత్రంతో నాటే నారుని కూడా ఇప్పుడు ట్రేల్లోనే పెంచుతున్నారు. అక్కడ పాచి గోల తక్కువ. గింజలు దట్టంగా పోస్తారు కాబట్టి వారం దాటేసరికి పచ్చటి నారు మట్టిని పూర్తిగా కప్పేస్తుంది, కింద వెలుతురు చొరదు. గుంతకి ఒక్క గింజ వేసే మిరపలో ఆ నీడ పడటానికి మూడు వారాలు కావాలి. ఆ మూడు వారాలే మన జాగ్రత్త కాలం.

మిద్దె మీద, కిటికీ దగ్గర

హైదరాబాదు మిద్దెతోటల్లో నారు పెంచేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ట్రేలు ఒకటో రెండో కాబట్టి కింది నుంచి నీళ్లు తాగించవచ్చు. టబ్బులో ఒక సెంటీమీటరు నీరు పోసి ట్రేని 15–20 నిమిషాలు ఉంచి తీసేయాలి. తీయడం మరిచిపోతే మాత్రం పైనుంచి పోసినదానికన్నా చెడ్డది, అడుగు నుంచి తడి నిరంతరం ఎక్కుతూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గాలి తగిలే గట్టు మీద పెట్టడం ముఖ్యం.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు ఆఖరి మంచు పడే రోజుకి సుమారు 8 వారాల ముందు ఇంట్లోనే మిరప, వంగ నారు పోసుకుంటారు. అక్కడ రోజుకి 14–16 గంటలు ఎల్‌ఈడీ వెలుతురు, ట్రే మీద ప్లాస్టిక్ మూత, కదలని గాలి. మూత కింద తడి గంటలు రోజుకి 24. సగం గింజలు మొలవగానే మూత తీసేసి, చిన్న ఫ్యాను తక్కువ వేగంతో పెడితే సమస్య అక్కడితో సగం తీరుతుంది. ఆ గాలికి కదిలిన నారు కాండం గట్టిపడుతుంది కూడా.

ఎంత పోయాలో కాటా చెబుతుంది

చూపుతో నీళ్లు పోసే అలవాటు తేలిగ్గా పోదు. దానికి వేలాడే కాటా ఒకటి సాయం చేస్తుంది. బాగా తడిపి, నీరు కారడం ఆగిన ట్రేని తూచి అంకె రాసుకోండి. పైపొర రంగు తిరిగి, గుంతలో అర సెంటీమీటరు కింద మాత్రం చేతికి చెమ్మ తగిలే సమయానికి మళ్లీ తూచండి. మొదటిది 1,800 గ్రాములు, రెండోది 1,450 గ్రాములు వచ్చిందనుకుందాం. తేడా 350 గ్రాములు, అంటే 350 మిల్లీలీటర్లు. మీ షేడ్‌నెట్‌లో ఆ వారం ఒక ట్రేకి ఒక తడికి కావాల్సింది అంతే. మొక్క పెరిగేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ ఈ అంకె మారుతుంది కాబట్టి వారానికొకసారి తూచాలి. అంచుల్లో ఉన్న ట్రేలు మధ్యలో ఉన్నవాటికన్నా త్వరగా ఆరుతాయి, రెండు చోట్లా తూచడం మేలు. వేసవి నారుకి ఒక్క తడి చాలకపోతే రెండోది మధ్యాహ్నం 2 గంటల లోపు పెట్టండి, పొద్దు గుంకేలోపు పైపొర ఆరిపోతుంది.

ఇప్పటికే పాచి పట్టిన నారు ఉందా? పారెయ్యొద్దు. నర్సరీలో కొనేటప్పుడు కూడా పైన పచ్చగా ఉందని వెనక్కి తిప్పకండి. ఒక మొక్కని గుంతలోంచి లాగి వేరు చూడండి. తెల్లగా, పొట్టుని పట్టి ఉంటే నిశ్చింతగా తీసుకోండి. గోధుమ రంగు తిరిగి, లాగితే ఊడొస్తుంటే ట్రే పైన ఎంత శుభ్రంగా ఉన్నా వద్దు. నాటేటప్పుడు పొట్టు ముద్ద పైన ఒక సెంటీమీటరు మట్టి పడేలా నాటితే వెలుతురు అందక ఆ పాచి పొలంలో దానంతట అదే చస్తుంది.

ఈసారి నారు పోసినప్పుడు మొలక వచ్చాక పది ట్రేలకి గుర్తు పెట్టి, వాటికి సాయంత్రం తడి పూర్తిగా మానేయండి. మిగతావాటికి మీ అలవాటు ప్రకారమే పోయండి. పదిహేనో రోజున రెండు వరసలనీ పక్కపక్కన పెట్టి చూసి, ఆ తర్వాత మందు కొనాలో అక్కర్లేదో మీరే నిర్ణయించుకోండి.